తూకంగారి కోటు

ఆ ఆదివారం ఉదయం తూకంగారి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగాలి, బీరువాలోంచి పెళ్ళినాటి కోటు తియ్యాలి, తొడుక్కోవాలి, బొత్తాలు పెట్టుకుని భార్యకి చూపించాలి. మొదటి మూడు పనులూ సక్రమంగానే జరిగాయి. బొత్తాల దగ్గరికి వచ్చేసరికి కోటు ఒప్పుకోలేదు.

తూకంగారంటే తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఆయనకీ ఒకటుంది గాని, దాన్ని ఎవరూ వాడరు. కొట్లవాళ్ళు తూకంగారని భయంగా అంటారు, ఇరుగుపొరుగు చనువుగా అంటారు, భార్య మాత్రం అసలు అనదు, అంటే నవ్వొస్తుందని. ఆయన ఉద్యోగజీవితంలోకెల్లా ఘనవిజయం అట్టపెట్టెల వ్యవహారం. కేకునీ బిస్కత్తుల్నీ అట్టపెట్టెతో సహా తూచి, అట్టని కేకు ధరకి అమ్ముతున్న బేకరీలన్నిటి మీదా వరసపెట్టి కేసులు రాశారు. ఆ వరసలో ఒకటి సొంత బావమరిదిది. "అక్క మొగుడై ఉండి ఇంత అన్యాయమా?" అని అతను వాపోతే, "త్రాసుకి చుట్టరికాలు తెలియవు" అన్నారు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంటికి కేకు రాలేదు.

ఇక కోటు సంగతి. బస్టాండు వెనక సందులో ఒక పాత ఫొటో స్టూడియో ఉంది. దాని యజమానిని ఊరంతా ఫొటో తాతగారంటారు. చూపు ఆనక, ఈ నెలాఖరుకి స్టూడియో మూసేస్తున్నారు. మూసేలోపు, తాను పెళ్ళిఫొటో తీసిన జంటలన్నీ అవే బట్టల్లో వచ్చి అదే తెర ముందు నిలబడితే, దాచుకున్న పాత రీళ్ళతో ఆఖరి ఫొటో తీసి ఇస్తానని కబురు పెట్టారు. తూకంగారింటి ముందుగదిలో ఆనాటి ఫొటో ఇంకా వేలాడుతూనే ఉంది. వెనక తెర మీద ఎక్కడికీ వెళ్ళని మెట్లు, పక్కన పట్టపగటి చందమామ. మధ్య కుర్చీలో ఆయన తల్లి. అటు కొత్త పెళ్ళికూతురు. ఇటు, కోటు ఇంకా కొక్కేనికే వేలాడుతున్నట్టుగా, కొత్త పెళ్ళికొడుకు. వాళ్ళ వంశంలో కోటు తొడిగిన మొదటి మనిషి ఆయనే. తల్లి పట్టుబట్టి కుట్టించింది.

కుర్చీలో కూర్చునే మనిషి ఇప్పుడు లేదు. కోటు ఉంది.

"వేరే కోటు వేసుకోవచ్చుగా?" అంది భార్య, రెండు అంచుల మధ్య ఖాళీలో తన చెయ్యి పెట్టి చూస్తూ. నాలుగు వేళ్ళూ పట్టాయి.

"ఆ కుర్చీ పక్కన నిలబడితే ఈ కోటుతోనే నిలబడతాను. లేకపోతే అసలు వెళ్ళొద్దు."

ఆయన అలా అనడం అరుదు. భార్య చెయ్యి తీసేసింది. తన పెళ్ళినాటి బట్టలు తనకి ఇప్పటికీ సరిపోతాయన్న సంగతి ఆ క్షణంలో గుర్తుచెయ్యకపోవడం ఆవిడ మంచితనం. మధ్యాహ్నం గుర్తుచేసింది.

సాయంత్రానికి పత్రికలోని ఆరోగ్యం పేజీ చదివి తూకంగారు ఒక నిర్ణయానికి వచ్చారు. బరువు తగ్గడమంటే లెక్క తప్ప మరేం కాదు. తినే ప్రతి ముద్దలో ఎన్ని కేలరీలున్నాయో తెలిస్తే చాలు. జీవితమంతా ఇతరుల లెక్కలు సరిదిద్దిన మనిషికి ఇదో లెక్కా? ఆయన వంటింట్లోకి అడుగుపెట్టారు.

"నిన్నటి కూరలో నూనె ఎంత వేశావు?"

"సరిపడా."

"సరిపడా అంటే?"

"కూరకి సరిపడా."

"గ్రాముల్లో చెప్పవోయ్."

"ముక్కలు అడుగంటకూడదు, నూనెలో తేలకూడదు. అంత."

"ఉప్పు?"

"ఉప్పుకి కూడా కేలరీలుంటాయా?"

"ఉండవు. అలవాటు కొద్దీ అడిగాను. బియ్యం ఎంత పోశావు?"

"మనిద్దరికీ సరిపడా, ఎవరైనా వస్తే వాళ్ళకో పిడికెడు."

"ఎవరూ రాలేదుగా?"

"రాకపోతే మీరు తింటారుగా."

మర్నాడు ఆయన చెంచా, చిన్న త్రాసు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడ్డారు. భార్య నూనె డబ్బా ఎత్తి, కిటికీలోంచి ఎదురింటావిడతో మాట్లాడుతూనే ధార వదిలింది. ఆ చెయ్యి అలా వదలడం అత్తగారి దగ్గర నేర్చుకుంది, కళ్ళతో దానికి పనిలేదు. తూకంగారు మాత్రం చెంచా పైకెత్తి, "ఆగు!" అని ఒక్క కేక పెట్టారు. ఆవిడ చెయ్యి అదిరి, పడ్డ నూనెకి తోడు మరంత నూనె పడింది. దాన్ని చెంచాతో తోడబోతే ముక్కలు కూడా వచ్చాయి. ముక్కల్ని తూచి, నూనె బరువు అందులోంచి తీసేసి, మరుగుతున్నప్పుడు ఎగిరిపోయిన నీటిని కలిపి, ఉడికాక గిన్నెకి అంటుకున్నది మినహాయించి చూస్తే, ఆయన ఒక్కరి వాటాయే పెళ్ళివారి బంతికి వడ్డించినంత అని తేలింది.

"ఇంటి వంటని లెక్కగట్టడం అసాధ్యం" అన్నారు చివరికి, ఓడినవాడిలా కాకుండా తీర్పు చెప్పేవాడిలా. "నువ్వు వండేది నీ ఇష్టం. నేను తినే బరువు నా ఇష్టం. అన్నం, కూర, పప్పు, పెరుగు అన్నీ కలిపి సగటు తీస్తే, పూటకి నాలుగువందల గ్రాములు. అంతకి ఒక్క మెతుకు మించకూడదు."

దానికొక పాత్ర కావాలి. ఆయన చూపు అలమారాలో పై అరమీద ఉన్న కంచుగిన్నె మీద పడింది. అమ్మ గిన్నె. చిన్నప్పుడు ఆటల్లో పడి ఆలస్యంగా ఇంటికొస్తే, ఆయన భోజనం అందులోనే వేడిగా ఉండేది, పైన బరువైన కంచు మూతతో. ఆ ఇంట్లో గిన్నె ఖాళీగా ఉన్నా సరే మూత లేకుండా ఉండకూడదన్నది అమ్మ శాసనం. ఆవిడ పోయాక కూడా కోడలు ఆ శాసనాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

"అద్భుతం" అన్నారాయన. గిన్నెని రెండు చేతులా పువ్వులా దించి, ఉన్నదున్నట్టు త్రాసు మీద పెట్టారు. అంకె వైపు ఒక కన్నూ భార్య వైపు ఒక కన్నూ వేసి, "తూకంలో మొదటి సూత్రమేమిటో తెలుసా? పాత్ర బరువు పాత్రదే, సరుకు బరువు సరుకుదే. జనం మోసపోయేది ఇక్కడే" అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. పాత్ర బరువు తొమ్మిదివందల గ్రాములని తేలింది. తర్వాత మూత తీసి పక్కన పెట్టి, గిన్నెని బోర్లించి, అడుగున ఎర్ర రంగుతో 900 అని చక్కగా రాశారు. రాసింది ఆరేదాకా ఊదుతూ కూర్చున్నారు.

ఆనాటినుంచి పద్ధతి ఖాయమైంది. గిన్నె త్రాసు మీద పెట్టాలి. త్రాసు పదమూడువందలు చూపించేదాకా వడ్డించాలి. ఆ తర్వాత మూత పెట్టి బల్ల మీదికి తేవాలి. మూత తియ్యడం మాత్రం ఆయనే తీసేవారు, ముఖం దగ్గరగా పెట్టుకుని, ఆ ఆవిరి కళ్ళజోడుకి పట్టేలాగా.

"ఏమండీ, ఇది కొంచెం ఎక్కువగా లేదూ?" అంది భార్య మొదటిరోజే, గిన్నె అంచు దాటి కుప్పగా లేచిన అన్నాన్ని చూసి.

"కంటి అంచనాకి అలాగే ఉంటుంది. త్రాసుని నమ్ము."

రెండోరోజు ఆవిడ మళ్ళీ అడిగింది. ఈసారి ఆయన కంటికి, త్రాసుకి గల భేదాన్ని భోజనం పూర్తయ్యేదాకా వివరించారు. మూడోరోజు అడగలేదు. డిగ్రీ చదువుకున్న మనిషి, అనవసరంగా ఒకే పాఠం రెండుసార్లు చెప్పించుకోదు.

డైటింగు ఇంత హాయిగా ఉంటుందని తూకంగారు కలలో కూడా అనుకోలేదు. ఆఫీసులో మధ్యాహ్నం గిన్నె విప్పి, "నోరు కట్టుకోనక్కర్లేదయ్యా, కొలత ఉంటే చాలు" అని తోటివాళ్ళకి బోధించేవారు. వాళ్ళు తమ చిన్న టిఫిను డబ్బాల్లోంచి ఆ గిన్నె వైపు చూసి, ఏమీ అనేవారు కాదు. ఇన్‌స్పెక్టరు కదా.

మరుసటి ఆదివారం మళ్ళీ కోటు తీశారు. భార్య చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళతోపాటు బొటనవేలు కూడా పట్టింది.

ఆయన చాలాసేపు ఆ బొటనవేలి వైపు చూశారు. తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. మొదటి అనుమానం త్రాసు మీద. ఆఫీసునుంచి ప్రామాణికపు తూనికరాళ్ళు, వెల్వెట్టు పెట్టెలో ఉండేవి, సంతకం పెట్టి మరీ తెచ్చి పరీక్షించారు. త్రాసు నిష్కళంకంగా ఉంది. రెండో అనుమానం నూనె మీద.

"నువ్వు నాకు తెలియకుండా నూనె ఎక్కువ వేస్తున్నావు."

"తెలియకుండా ఎలా వేస్తాను? మీరు పక్కనే ఉంటారుగా."

"నేను ఆఫీసుకి వెళ్ళాక."

"మీరు ఆఫీసుకి వెళ్ళాక నూనె వేస్తే, ఆ కూర మీరెలా తింటారు?"

ఈ తర్కానికి ఆయన దగ్గర జవాబు లేదు గాని, సీసపు సీలు ఉంది. పెట్రోలు పంపులకి వేస్తారే, తీగ చుట్టి సీసం బిళ్ళ నొక్కే సీలు, అది. నూనె డబ్బాకి ఒకటి, వెన్న సీసాకి ఒకటి, పంచదార డబ్బాకి మరొకటి వేశారు. పొద్దున వంటకి తనే విప్పేవారు, వంట కాగానే తనే బిగించేవారు. పక్క పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, సీలు పడందే కదిలేవారు కాదు.

ఎదురింటావిడ వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆయన ఆఫీసుకి వెళ్ళాక. ఆవిడ బట్టలు కుడుతుంది. ఇంట్లో మిషను ముందు కూర్చుంటే వీధంతా కనబడుతుంది, అందుకే ఆవిడ కుట్టు ఎప్పుడూ కాస్త వంకరగా వస్తుందని గిట్టనివాళ్ళు అంటారు.

"వదినా, ఒక కప్పు పంచదార ఉంటే ఇస్తావా, సాయంత్రం తెచ్చిస్తాను."

"అయ్యో, ఉందిగాని వదినా, సీలు వేసుంది. ఆయనొచ్చి తియ్యాలి."

ఎదురింటావిడ డబ్బా చూసింది. తీగ చూసింది. సీసం బిళ్ళ చూసింది. తర్వాత బల్ల మీద ఉన్న త్రాసు చూసింది.

"అన్నం కూడా... తూచే పెడతారా?"

"ఆహా. ఒక్క మెతుకు మించకూడదు. నాకేం, అలవాటైపోయింది" అంది భార్య, నవ్వుతూ.

ఆ నవ్వే కొంప ముంచింది. ఎదురింటావిడకి అది కన్నీళ్ళు దాచుకునే నవ్వులా కనబడింది. ఆవిడ ఖాళీ కప్పు పట్టుకుని వెనక్కి వెళ్ళి, మిషను ముందు కూర్చుని, దారం ఎక్కించకుండానే చాలాసేపు కుట్టింది.

ఆ మర్నాటినుంచి తూకంగారు ఆఫీసుకి బయలుదేరగానే ఎదురింట్లోంచి ఒక గిన్నె వచ్చేది. ఒకరోజు కూర. ఒకరోజు వేయించిన బంగాళాదుంపలు. ఒకరోజు పాలు, పంచదార దట్టంగా పోసి కాచిన ఏదో తీపి. "తిను వదినా, నా ముందే తిను" అని ఎదురుగా కూర్చునేది. మర్యాదకి భార్య తినేది. మర్యాద చాలా రుచిగా ఉండేది. కొన్నాళ్ళకి పెళ్ళినాటి బట్టలు మరోసారి తొడిగి చూసుకుని, తలుపు వేసుకుని ఒంటరిగా కాసేపు ఆలోచించి, ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకుంది.

"ఫ్రిజ్‌లో ఈ గిన్నె మనది కాదే?" అన్నారు తూకంగారు ఒకరోజు.

"ఎదురింటి వదిన ఇచ్చింది."

"ఎందుకు?"

"ఏమో. ఈమధ్య నన్ను చూస్తే చాలు, ముక్కు చీదుకుంటోంది."

ఇలా నెలాఖరు ఆదివారం వచ్చేసింది. స్టూడియోకి అదే ఆఖరి రోజు. చీకటిపడితే తాతగారు తాళం పెట్టేస్తారు. ఉదయమే కోటు బయటికి తీశారు. ఈసారి ఖాళీలో భార్య చెయ్యి పెట్టలేదు, పెడితే ఇంకో చెయ్యి కూడా కావాల్సి వస్తుందని. తూకంగారు కోటుని మోకాళ్ళ మీద వేసుకుని, కుర్చీలో కూలబడ్డారు.

అప్పుడు తలుపు దబదబా మోగింది.

తలుపు తీస్తే బావమరిది. చంకలో రెండు రొట్టెలు, చేతుల్లో బుట్టెడు బిస్కత్తులు, మెడదాకా కోపం. వెనక ఎదురింటావిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"అక్కా! ఎలా అయిపోయావే!"

"ఎలా అయ్యానురా?" అంది భార్య కంగారుగా, కొంగు నిండా కప్పుకుంటూ. బట్టల సంగతి వీడికెలా తెలిసిందా అని ఆవిడ భయం.

"మొహం అలా ఉబ్బిందేమిటే? తిండి లేకపోయినా ఉబ్బుతుందట!"

"అన్నయ్యగారూ" అంది ఎదురింటావిడ గొంతు సవరించుకుని, "నేను సాధారణంగా ఇతరుల విషయాల్లో కలగజేసుకునేదాన్ని కాదు. కానీ ఇల్లాలికి మెతుకులు తూచి పెట్టడం, చక్కెర డబ్బాకి సీలు వెయ్యడం... నేను ఫోను చెయ్యకుండా ఉండలేకపోయాను."

"బేకరీ మూసేసి వచ్చాను బావగారూ" అన్నాడు బావమరిది. "ఆనాడు నా మీద కేసు రాశారు, సరే, ఉద్యోగమని ఊరుకున్నాను. మా అక్క తిండి మీద కూడా కేసు రాస్తారా?"

తూకంగారికి విషయం అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"తూచేది మీ అక్కకి కాదయ్యా, నాకు! తగ్గాల్సింది నేను!"

బావమరిది ఆయన్ని తలనుంచి పాదాలదాకా చూశాడు. "మీరు... తగ్గుతున్నారా?"

ఇది మాత్రం వృత్తి మీద దెబ్బ. తూకంగారు లేచి నిలబడ్డారు. "రండి. అందరూ వంటింట్లోకి రండి. మీ కళ్ళముందే తూచి చూపిస్తాను."

త్రాసు పెట్టారు. పక్కన వెల్వెట్టు పెట్టె తెరిచి తూనికరాళ్ళతో త్రాసు సరిగ్గా ఉందని రుజువు చేశారు. గిన్నెని బోర్లించి 900 చూపించారు. గిన్నె త్రాసు మీద పెట్టి, "వడ్డించవోయ్" అన్నారు. భార్య వడ్డించింది. గిన్నె నిండింది. అంచు దాటింది. కుప్ప లేచింది. త్రాసు పదమూడువందల దగ్గర ఆగింది.

"చూశారా? పూటకి ఇంతే. నెలంతా ఇంతే తిన్నాను."

ఎదురింటావిడ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయింది. "ఇదంతా... ఒక్క పూటకా?"

"మా బేకరీలో పనివాళ్ళందరం కలిసి తింటాం బావగారూ ఇంత" అన్నాడు బావమరిది. అతని గొంతులో ఇప్పుడు కోపం లేదు, భయం ఉంది.

"కంటి అంచనా!" అన్నారు తూకంగారు. "మీరందరూ కళ్ళతో చూస్తున్నారు. ఉండండి." అన్నం వేరే పళ్ళెంలోకి వంపి, గిన్నెని తుడిచి, ఖాళీగా మళ్ళీ త్రాసు మీద పెట్టారు. "ఇదిగో, పాత్ర బరువు. తొమ్మిది..."

త్రాసు ఆరువందలు చూపించింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆరువందలే. గిన్నె ఎత్తి అడుగున చదివారు. తొమ్మిదివందలే. మళ్ళీ దించారు. 

భార్య ఏదో కనిపెట్టి చెయ్యలేదు. ఎదురుగా మూత లేని గిన్నె ఉంది, చేతిలో మూత ఉంది. అత్తగారి ఇంట్లో అన్నేళ్ళు మెలిగిన చెయ్యి అది. దానంతటదే కదిలి, గిన్నె మీద మూత పెట్టింది.

త్రాసు తొమ్మిదివందలు చూపించింది.

"బావగారూ" అన్నాడు బావమరిది, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం నమిలి, "అట్టపెట్టెతో సహా తూచారా?"

ఆ మాట అనే అవకాశం కోసం అతను ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో అతనికే తెలుసు. కానీ అన్నాక అనుకున్నంత రుచి రాలేదు. ఎందుకంటే తూకంగారు కోప్పడలేదు, సాకు చెప్పలేదు. మూత తీసి చేతిలో పట్టుకుని, వంటింటి గడప మీదే కూర్చున్నారు.

"మూడువందల గ్రాములు" అన్నారు. "పూట పూటకీ."

బావమరిది బిస్కత్తుల బుట్ట కింద పెట్టాడు.

"చిన్నప్పుడు నేను చాలమ్మా అనేవాణ్ణి. 'అటు చూడరా, కిటికీ మీద పిట్ట' అనేది. నేను అటు తిరిగేలోపు ఇంకో గరిటె పడేది. రోజూ అంతే." మూత మీది పిడిని బొటనవేలితో రుద్దుతున్నారు. అది ఎప్పుడో ఊడిపోతే అమ్మే ఇనప బోల్టు పెట్టి బిగించింది. "ఉద్యోగంలో చేరాక కూడా చూసేవాణ్ణి. పిట్ట లేదని తెలిసే చూసేవాణ్ణి."

"నాకూ చూపించేవారు" అంది భార్య. "నాకైతే కిటికీ కూడా ఉండేది కాదు. గోడ మీద చూపించేవారు."

తూకంగారు నవ్వబోయి మానేశారు. కోటు కుర్చీలో పడి ఉంది. "ఇక లాభం లేదు" అన్నారు బావమరిదితో. "నువ్వెళ్ళి తాతగారికి చెప్పిరా. మేం రావడం లేదని. స్టూడియో మూసేసుకోమను."

బావమరిది కదల్లేదు. భార్య కోటు చేతిలోకి తీసుకుంది. మడతపెట్టి బీరువాలో పెట్టేద్దామని లోపలిపక్క బయటికి తిప్పి దులపబోయింది. దులిపే చెయ్యి ఆగింది.

"వదినా, ఇలా చూడు. ఈ పక్క కుట్టు ఇంత మందంగా ఉందేమిటి?"

ఎదురింటావిడ ముక్కు తుడుచుకుని, కోటుని వెలుగులోకి పట్టుకెళ్ళింది. వేళ్ళతో నొక్కింది. అస్తరు కొస కొంచెం విప్పి చూసింది. అప్పటిదాకా పొరుగింటావిడగా ఉన్న మనిషి ఒక్కసారిగా పనిమంతురాలైపోయింది. "గుడ్డ! రెండు పక్కలా మడిచి లోపల దాచారు. వీపు కుట్టులో కూడా! ఎవరు కుట్టారు వదినా దీన్ని? ఇంత గుడ్డ వృథా చేసే దర్జీ ఎక్కడైనా ఉంటాడా?"

తూకంగారు మెల్లగా తలెత్తారు.

పెళ్ళికి ముందు ఒకరోజు దర్జీ దుకాణంలో ఆయన రెండు చేతులూ చాపి దిష్టిబొమ్మలా నిలబడ్డారు. వెనక తల్లీ దర్జీ గుసగుసలాడుకుంటున్నారు. "అబ్బాయి పుల్లలా ఉన్నాడమ్మా. మీరు చెప్పేదాన్ని బట్టి కోటు లోపల ఇంకో కోటు కుట్టాలి" అని దర్జీ విసుక్కోవడం ఆయనకి వినబడింది. సిగ్గుతో చెవులు మూసుకోవాలనిపించింది గాని, చేతులు కొలతలో ఉన్నాయి. "ఇంతకీ ఎంత గుడ్డ వదలమంటారు?" అని దర్జీ అడిగాడు.

"సరిపడా" అంది అమ్మ.

ఆ తర్వాత జరిగినదంతా పరుగే. ఎదురింటావిడ కోటు ఎత్తుకుని రోడ్డు దాటింది. మిషను ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి వీధి వైపు చూడకుండా కుట్టింది. బావమరిది పక్కనే నిలబడి విప్పిన దారాలు ఏరాడు, ఇస్త్రీపెట్టె వేడి చేశాడు, మధ్యలో ఎవరూ అడక్కుండానే అందరికీ రొట్టె కోసి పెట్టాడు. తూకంగారు తినబోతూ రొట్టె ముక్కని చేతిలో ఒకసారి అటూ ఇటూ ఊపి బరువు చూశారు. అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి నోట్లో వేసుకున్నారు. భార్య తన పెళ్ళినాటి బట్టల్ని కూడా ఒక పక్క కొంచెం విప్పమని ఎదురింటావిడ చెవిలో చెప్పింది. "మర్యాద కొద్దీ వచ్చింది వదినా, నీవల్లే" అంది.

వాళ్ళు వెళ్ళేసరికి తాతగారు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. లోపల అవే మెట్లు, అదే చందమామ. రెండూ కొంచెం వెలిసిపోయాయి. అదే కుర్చీ. తాతగారు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి అడిగారు. "కుర్చీ ఖాళీగా ఉంటే ఫొటోలో వెలితిగా కనిపిస్తుంది బాబూ. తీసేయించనా?"

"ఉండనివ్వండి" అన్నారు తూకంగారు.

కోటు పక్కలకి రెండు చారలున్నాయి. ఇన్నేళ్ళూ లోపల దాగిన గుడ్డ కొత్తగా, ముదురుగా ఉంది. బయట ఉన్నది వెలిసింది. "నలుపు తెలుపులో తెలియదులే" అన్నారు తాతగారు. తర్వాత అలవాటు కొద్దీ, "బాబూ, ఊపిరి బిగపట్టు" అన్నారు.

"అక్కర్లేదండీ. వదులుగానే ఉంది."

నిజంగానే వదులుగా ఉంది. భార్య చెయ్యి చాపి, బొత్తాలు పెట్టిన కోటుకీ ఆయన పొట్టకీ మధ్య వేళ్ళు దూర్చి చూసింది. రెండు వేళ్ళు పట్టాయి.

"ఏమండీ" అంది మెల్లగా, కెమెరా వైపే చూస్తూ, "అత్తయ్యగారి అంచనాకి మీరింకా రెండు వేళ్ళు తక్కువే ఉన్నారు."

తూకంగారు నవ్వుతుండగా ఫొటో పడింది. అందుకే ఆ ఫొటోలో ఆయన ఎవరూ అటు చూడమనకుండానే ఒక పక్కకి, కిటికీ లేని గోడ వైపు చూస్తున్నట్టుగా ఉంటారు.

ఇంటికొచ్చాక సీళ్ళన్నీ తీసేశారు. ఎదురింటికి పంచదార వెళ్ళింది, బేకరీనుంచి మళ్ళీ కేకు రావడం మొదలైంది, అట్టపెట్టె విడిగా తూచి మరీ. తూకంగారు ఎర్ర రంగు డబ్బా, కుంచె తీసుకుని, గిన్నె అడుగున అంకె సరిదిద్దుదామని బాల్కనీలో కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. తర్వాత కుంచె కడిగేసి, గిన్నెకి మూత పెట్టి, అలమారాలో యథాస్థానంలో పెట్టి వచ్చారు.

గిన్నె కింద ఆ తప్పుడు బరువు ఈ రోజుకీ అలాగే ఉంది, ఆ ప్రాంతానికంతటికీ తనిఖీ అధికారి ఆయనొక్కరే కాబట్టి కేసు రాసేవాళ్ళు ఇంకా ఎవరూ రాలేదు.